వంతు తీరినవాళ్ళు

రాత 1

గాలి పడమట. నీరు మామూలు. తుప్పు ఎప్పటిలాగే.

కాపలా పుస్తకంలో మా ఊరిపెద్ద, సరంగు గరగయ్య నన్ను రాయమన్నది ఇంతే. గాలి, నీరు, తుప్పు. అతను మొదటి వరసని వేలితో తడుముకుంటూ చదివి, తల ఊపి, పుస్తకం మూసేస్తాడు. ఆ కింద ఏముందో చూసే ఓపిక అతనికీ లేదు, చదవడం వచ్చినవాళ్ళూ ఊళ్ళో పెద్దగా లేరు. కాబట్టి కిందిదంతా నా రాజ్యం.

మా ఊరు ఇనపమెట్ట. సముద్రం అడుగునుంచి నూనె తోడడానికి పూర్వం ఎవరో కట్టారట, నాలుగు కాళ్ళ మీద. ఒడ్డు మునిగినప్పుడు ఆరు పడవల జనం దీని కాళ్ళు పట్టుకుని పైకెక్కారు. మేమంతా ఆ ఆరు పడవల పిల్లల పిల్లలం. మళ్ళీ బయటినుంచి పడవ రాలేదు. అందుచేత మా ఊళ్ళో బంధుత్వం ఆరా తీయడం ప్రమాదం. నాకు ఒకడు మేనల్లుడూ అవుతాడు, బావమరిదీ అవుతాడు, ఇంకొంచెం తవ్వితే పెదనాన్న కూడా.

ఇవాళ నా మనవరాలు మసేనమ్మకి నిశ్చింత భోజనం పెట్టారు. దానికి ఏడో నెల. చక్రం మీద అందరూ కూర్చున్నారు. చక్రమంటే పైఅంతస్తులో పూర్వం ఎగిరే యంత్రాలు దిగడానికి గీసిన గుండ్రం. ఇప్పుడు దాని అంచున తొట్లలో సోయా గింజలు పండిస్తున్నాం. సరంగు లేచి మసేనమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, "వంతు తీరిన తల్లివి, పాలిచ్చి పెంచుకో" అన్నాడు. అందరూ "పాలిచ్చి పెంచుకో" అన్నారు. చేప పులుసు బాగుంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఎందుకో చెప్పాలంటే పాలగండం సంగతి చెప్పాలి. మా ఊళ్ళో కొందరు పిల్లలకి తల్లిపాలే విషం. పుట్టిన నాలుగైదు రోజులకి ఒళ్ళు పచ్చబడుతుంది, తాగింది కక్కుతారు, కళ్ళలో తెల్లపొర వస్తుంది, పోతారు. ఏ తల్లి పాలైనా అంతే. వెంటనే పాలు మాన్పించి సోయా పాలు పడితే బతుకుతారు. గంజితో, చేపనీళ్ళతో పసిగుడ్డు బతకదు, అవన్నీ చూశాం. తొట్లలో పండే గింజ ఒక బిడ్డకి సరిపోతే గొప్ప.

పాలగండం ఉన్న ఇంట నలుగురిలో ఒకరికి వస్తుందని మా మొదటి డాక్టరమ్మ చెప్పింది. ఊరు దాన్ని ఇలా అర్థం చేసుకుంది: నలుగురిలో ఒకరు వంతు. ఒక బిడ్డకి వచ్చేసిందా, ఇక వంతు తీరింది, మిగతా ముగ్గురూ క్షేమం. గుమ్మానికి ఆల్చిప్ప కడతారు. గింజలు వాళ్ళకి ఇవ్వరు, ఎందుకివ్వాలి?

మసేనమ్మ గుమ్మానికి ఆల్చిప్ప ఉంది. మొదటి పిల్ల పోయిన ఏడాది తొట్లలోకి ఉప్పునీరు ఎక్కింది, గింజే లేదు.


రాత 2

గాలి పడమట, తెరలు తెరలుగా. నీరు మామూలు. ఈశాన్యపు కాలు దగ్గర తుప్పు పెచ్చులుగా లేస్తోంది.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. వెళ్దామంటే బడి నీళ్ళలో ఉంది. పడవల్లో వచ్చినవాటిలో ఒక పాత జీవశాస్త్రం పుస్తకం ఉంది. అందులో బఠాణీ మొక్కల పాఠం ఎలకలు సగం తిన్నాయి. ప్రశ్నలు మిగిల్చి జవాబులు తిన్నాయి. జవాబులు నేను కోళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

ఒకసారి మా నల్లపుంజుకీ నల్లపెట్టకీ తెల్లపిల్ల పుట్టింది. ఊరంతా ఆ పెట్టని తిరుగుబోతన్నారు. చుట్టూ సముద్రం, మెట్ట మీద ఉన్నది ఒకే పుంజు, పాపం ఎక్కడికని తిరుగుతుంది? తరవాత అర్థమైంది. ప్రతి గుణానికీ ప్రాణిలో రెండు ముక్కలుంటాయి, తల్లిచ్చింది ఒకటి, తండ్రిచ్చింది ఒకటి. నలుపు ముక్క పక్కనుంటే తెలుపు ముక్క నోరెత్తదు. ఉందని కూడా తెలియదు. బిడ్డకిచ్చేటప్పుడు ఎవరైనా తన రెంటిలో ఒకటే ఇస్తారు, ఏది ఇస్తారో వాళ్ళ చేతిలో లేదు. రెండు వైపులనుంచీ తెలుపే వచ్చిందా, తెల్లపిల్ల. ఆ పుంజు, ఆ పెట్టల గుడ్లు మళ్ళీ ఎన్నిసార్లు పొదిగించినా, ప్రతి గుడ్డుకీ అదే సంగతి మళ్ళీ మొదటినుంచి. ఒకసారి వరసగా మూడు తెల్లవి వచ్చాయి. తరవాత చాన్నాళ్ళు ఒక్కటీ రాలేదు.

పాలగండమూ అంతే. ఇవాళ మసేనమ్మ మొగుడు ఎల్లాజీని పక్కన కూర్చోబెట్టి రెండు గవ్వలు తీశాను.

"ఇది నువ్వు, ఇది మసేనమ్మ. బోర్లా పడితే చెడ్డముక్క ఇచ్చినట్టు. రెండూ బోర్లా పడితే గండం. వెయ్యి."

వేశాడు. రెండూ బోర్లా.

"అదిగో, మీ మొదటి పిల్ల. మళ్ళీ వెయ్యి."

"ఇప్పుడు పడవు తాతా. వంతు అయిపోయింది కదా."

"ఆ సంగతి గవ్వకెవరు చెప్పారు?"

ఎల్లాజీ నవ్వాడు. వేశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. "చూశావా!" అన్నాడు. మళ్ళీ వేశాడు. రెండూ బోర్లా పడ్డాయి. (గవ్వ నిజానికి సరిసమానంగా పడదు, ఆటగాళ్ళకి తెలుసు. ఎల్లాజీ ఆటలో వెధవాయి కనక పర్వాలేదు.)

"గవ్వ గవ్వే, బిడ్డ బిడ్డే తాతా," అన్నాడు లేస్తూ. "మసేనమ్మకి మాత్రం చెప్పకు. అది నవ్వి ఎన్నాళ్ళయిందో నీకు తెల్సా? నిన్న నవ్వింది."


రాత 3

గాలి లేదు. నీరు నూనెలా ఉంది. తుప్పు గీకాను.

నర్సమ్మ రూపవతి దగ్గరికి వెళ్ళాను. మొదటి డాక్టరమ్మ కూతురి కూతురు. కత్తెరలు ఉడకబెడుతోంది. లెక్క చెప్పడం మొదలెట్టాను.

"నాకు తెలియదా బాబాయ్?" అంది, వెనక్కి తిరక్కుండానే.

నా దగ్గరున్న వాదనలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

"ప్రతి కాన్పుకీ నలుగురిలో ఒకరే. వంతు లేదు, తీరడం లేదు. మా అమ్మమ్మ చెప్పింది కూడా అదే. విన్నవాళ్ళు ఏం చేశారో తెలుసా? పిల్ల పోయిన జంటలన్నీ వేరేగా పడుకున్నాయి. ఏళ్ళతరబడి ఊళ్ళో ఏడుపు లేదు, అంటే పసిపిల్లల ఏడుపు. ఊరు ఆరిపోయేలా ఉంటే, అప్పుడెవరో వంతు అన్నారు. మా అమ్మమ్మ కాదనలేదు."

"మరి గింజలు? అసలు ఈ ఊరు మొత్తంలో చెడ్డముక్క ఉందని మనకి ఖాయంగా తెలిసిన జంటలు వీళ్ళే కదమ్మా! తొలికాన్పు జంటల్లో ఎవరికుందో ఎవరికి తెలుసు? తెలియనివాళ్ళకి గింజలిచ్చి, తెలిసినవాళ్ళకి ఆల్చిప్పలు కడుతున్నాం."

"తలకిందులే. ఒప్పుకున్నాను. అందరికీ చాలే గింజ చూపించు, ఇప్పుడే పోయి చెప్తాను." కత్తెరలు ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పెట్టింది. "ఒకటి చెప్పు. వంతు తీరిన జంటకి రెండో బిడ్డ గండంతో పోయినట్టు నువ్వెప్పుడైనా విన్నావా? ఇన్నేళ్ళలో?"

వినలేదు. ఒక్కటీ వినలేదు. లెక్క ప్రకారం బోలెడు వినాలి. అటువంటివాళ్ళ సంగతి ఏమవుతుందో మాత్రం ఒకసారి చూశాను. ఒకావిడకి రెండో బిడ్డ పచ్చబడింది. మొగుడితో వంతు తీరిపోయింది కదా, మళ్ళీ గండం వచ్చిందంటే తండ్రి వేరేవాడై ఉండాలి అన్నారు. ఆవిణ్ణి వెలేసి, కెరటాలు కొట్టే కింది అంతస్తుకి దించేశారు.


రాత 4

గాలి ఆగ్నేయం. నీరు పోటు మీద. తుప్పుకి చేపనూనె పూశాను.

కాసులమ్మ చేపలు ఆరబెడుతోంటే పక్కన కూర్చున్నాను. ఆమెకి మొదటి బిడ్డ గండంతో పోయింది, రెండోవాడూ పోయాడు.

"కాసులమ్మా, నీ రెండోవాడు ఎలా పోయాడు?"

"జరం."

"కిందటిసారి ఉబ్బసం అన్నావు."

"జరం వచ్చి ఊబసం వచ్చింది. ముసిలోడివి, తుప్పు గీక్కోక నీకెందుకు మావా ఇయ్యన్నీ?"

"కళ్ళు తెల్లబడ్డాయా?"

ఆమె చెయ్యి చేప మీద ఆగిపోయింది. కాకి ఒకటి వచ్చి ఆ చేపనే ఎత్తుకుపోయింది, ఆమె తోలలేదు.

"నాకు మొగుడున్నాడు," అంది చివరికి. "మంచోడు. ఇంకో పిల్ల కూడా ఉంది. నన్ను ఒగ్గేయ్ మావా." మళ్ళీ గొంతు తగ్గించి, "గుడ్డ కప్పేశాను. ఎవరొచ్చినా నిద్దరోతన్నాడన్నాను. మొగుడిక్కూడా చూపించలేదు."

అక్కణ్ణుంచి ఇంకో రెండు గుమ్మాలకి వెళ్ళాను. ఒకచోట జారిపడ్డాడన్నారు. రోజుల పిల్లాడు జారిపడ్డమేమిటో నేను అడగలేదు. ఇంకోచోట తలుపు తియ్యలేదు.

ఇన్నాళ్ళూ ఆ తప్పు లెక్క ఎలా నిలబడిందా అనుకునేవాణ్ణి. తప్పని తేల్చగలిగిన సాక్షులందరూ దాన్ని నిలబెడుతున్నారు. బిడ్డ గండంతో పోయిందని ఏడవడానికి కూడా వాళ్ళకి వీల్లేదు, ఏడిస్తే రంకు అంటగడతారు.


రాత 5

గాలి పడమట. నీరు మామూలు. తుప్పు ఉంటే ఉండనీ.

మగపిల్లాడు. మధ్యాహ్నం పుట్టాడు. ఎల్లాజీ వంశంలో అందరికీ ఎడమచెవి పైకొన లోపలికి మడిచినట్టుంటుంది, ఎవరో చదువుతూ చదువుతూ పేజీ మడిచి పెట్టినట్టు. వీడికీ అచ్చం అదే. ఆ గుణం దాక్కోదు, ఒక్క ముక్క వస్తే చాలు బయటపడుతుంది. ఎల్లాజీ ఆ చెవి పట్టుకుని అందరికీ చూపించాడు. "నా చెవే! నా చెవే!" అంటాడు. నర్సమ్మ కసిరింది, పీకేస్తావురా అని.

మసేనమ్మకి నేను చెప్పాను. చెప్పకుండా ఎలా ఉండను? కోళ్ళ సంగతి, గవ్వల సంగతి, కాసులమ్మ పేరెత్తకుండా ఆ గుడ్డ సంగతి. అది పిల్లాణ్ణి పొదువుకుని అంతా విన్నది.

"అయితే నన్నేం చెయ్యమంటావు తాతా? పాలివ్వకుండా చంపనా? ఇచ్చి చంపనా?"

ఆ జవాబు కూడా ఎలకలే తిన్నాయి.

"నలుగురిలో ముగ్గురు బతుకుతారన్నావు కదా," అంది. "ఆ ముగ్గురిలో వీడున్నాడేమో. అటు తిరుగు." రొమ్ము అందించింది. వాడు తాగిన చప్పుడు గోడకి తిరిగి విన్నాను.


రాత 6

గాలి రాయలేదు. నీరు రాయలేదు.

పచ్చబడ్డాడు. ఇవాళ పొద్దుటినుంచి కక్కుతున్నాడు.

పాలు ఆపించాను. నేనూ, ఎల్లాజీ సరంగు దగ్గరికి పరిగెత్తాం. సరంగు నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను బావా అంటాడు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే తాడు మీద దిగి పీతలు పట్టినవాళ్ళం.

"మామూలు పసిరికలు బావా, పిల్లల కామెర్లే," అన్నాడు. "నేలఉసిరి రసం పట్టించు."

"గింజలిప్పించు గరగయ్యా. సంచి నిండా ఉన్నాయి."

"వంతు తీరినవాళ్ళకి గింజలెలా ఇస్తాను? రేపు తొలికాన్పు బిడ్డ పచ్చబడితే ఆ తల్లికి ఏటి చెప్పను?"

"ఇది గండమే. చూసి చెప్పు."

"గండమైతే..." అని ఆగి, ఎల్లాజీ వైపు చూశాడు. "గండమైతే బిడ్డ వీడిది కాదు. అప్పుడు జంట కొత్తది, వంతు కొత్తది. గింజలు ఇచ్చి తీరాలి. తల్లి మాత్రం కిందికి దిగాలి. అదీ కట్టుబాటు. ఏటంటావు, గండమంటావా, కాదంటావా?"

ఎల్లాజీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మసేనమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆలోచించిందల్లా మేమిద్దరమే.

"తప్పు చేశానని చెప్తాను," అంది.

"ఎవడితో?" అన్నాడు ఎల్లాజీ, నిజంగానే కోపమొచ్చినట్టు.

"బతికున్నోడి పేరు చెప్తే నువ్వు కొడతావు. చచ్చినోడి పేరు చెప్తాను. తాతీలు."

తాతీలు ఈతగాడు. కిందటేడు మెట్ట కాలి కింద తుప్పు చూడ్డానికి దిగి మళ్ళీ రాలేదు. పెళ్ళిలేదు, అయినవాళ్ళు లేరు.

"తాతీలా?" ఎల్లాజీ ఏడుస్తూనే నవ్వాడు. "వాడికి నత్తి! ఆడపిల్ల ఎదురొస్తే నీళ్ళల్లోకి దూకేసేవాడు! ఎవరు నమ్ముతారే?"

"నువ్వు నమ్మితే అందరూ నమ్ముతారు," అంది మసేనమ్మ. "నువ్వే ముందు చెప్పాల. వీడు నా బిడ్డ కాదని."


రాత 7

గాలి ఉత్తరం. నీరు కల్లోలం. తుప్పు సంగతి దేవుడెరుగు.

చక్రం మీద అందరూ చేరారు. ఎల్లాజీ సోయా తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. "ఈ బిడ్డ నాది కాదు," అన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పమన్నారు. చెప్పాడు. నిన్నటిదాకా చెవి పట్టుకుని ఊరంతా తిప్పినవాడు.

మసేనమ్మ తాతీలు పేరు చెప్పింది. కళ్ళెత్తే చెప్పింది. ఎక్కడ, ఎప్పుడు అని సరంగు అడిగితే వలల గది, వానాకాలం అంది. జనంలో ఎవరో ఛీ అన్నారు. ఇంకెవరో, ఏడ్చినట్టుంది తాతీలు ముఖానికి ఇదొకటా అన్నారు.

వెనకనుంచి ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. కళ్ళు సరిగా ఆనవు కాబట్టి పిల్లాడి మీదికి వంగి చూసింది. "ఈ చెవేటర్రా, అచ్చం ఎల్లాజీ..." అంది.

ఎల్లాజీ తన ఎడమచెవిని అరచేత్తో మూసుకున్నాడు.

"పసిపిల్లల చెవులన్నీ అలాగే ఉంటాయి పిన్నీ," అంది కాసులమ్మ జనంలోంచి. "కడుపులో ముడుచుకుని ఉంటారు కదా, తరవాత ఇప్పుకుంటాయి."

"అవును, ఇప్పుకుంటాయి," అంది ఇంకో ఆవిడ. ఆమధ్య నాకు తలుపు తియ్యనావిడ.

"మా వాడిక్కూడా అలాగే ఉండేది," అంది మూడో ఆవిడ.

సరంగు ఆ చెవిని చూశాడు. నన్ను చూశాడు. అతనికి చూపు బాగానే ఉంది. "గింజలివ్వండి," అన్నాడు.

మసేనమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని ఇనపమెట్లు దిగింది. వెనకాల నర్సమ్మ గింజల సంచి మోసింది. కింది అంతస్తులో కెరటం పెద్దదైతే లోపలికి వస్తుంది, మంచాలు తాళ్ళతో వేలాడదీసి ఉంటాయి. మెట్ల దగ్గర ఎల్లాజీని ఇద్దరు పట్టుకున్నారు. కట్టుబాటు ప్రకారం మొగుడు కిందికి దిగకూడదు, పరాయివాడి బిడ్డని ముట్టకూడదు.


రాత 8

గాలి తూర్పు. నీరు తగ్గింది. తుప్పు గీకాను.

పిల్లాడి పచ్చదనం తగ్గింది. సోయా పాలు తాగుతున్నాడు, తాగి మసేనమ్మ మీదే కక్కుతున్నాడు, కానీ మామూలు పిల్లలు కక్కినట్టు కక్కుతున్నాడు. కళ్ళలో పొర రాలేదు. ఎల్లాజీ పైఅంతస్తు నేల మీద, సరిగ్గా వాళ్ళ మంచం ఉన్న చోటికి పైన, చెవి ఆనించి పడుకుంటున్నాడు. ఇనప రేకు కదా, ఏడుపు బాగా వినపడుతుందట. వేరే పెళ్ళి చూస్తామన్నారు పెద్దలు. పడుకునే ఉన్నాడు, లేవలేదు.

ఊళ్ళో వంతు మీద నమ్మకం ఇంకా గట్టిపడింది. చూశారా, వంతు తీరిన జంటకి గండం రాదంటే రాలేదు, తండ్రి వేరు కాబట్టే వచ్చింది అంటున్నారు. నా మనవరాలు ఆ తప్పు లెక్కకి సాక్ష్యమైపోయింది. నేను మధ్యలో నిలబడి తల ఊపాను. గింజలు ఇంకా చాలా నెలలు కావాలి, ఊపక ఏం చెయ్యను?

సాయంత్రం సరంగు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పుస్తకం అడగలేదు.

"మా కోడలికి నెల తప్పింది బావా," అన్నాడు.

అతని గుమ్మానికీ ఆల్చిప్ప ఉంది. మొదటి మనవడు పోయినప్పుడు స్వయంగా కట్టాడు.

"రేపు పచ్చబడితే అదేటి చెప్పాలో... నీ మనవరాల్ని అడిగి మా పిల్లకి కాస్త నేర్పించు. తడబడకుండా చెప్పింది మీది."

"రూలు మార్చెయ్యి గరగయ్యా. నీ చేతిలో ఉంది. వంతు లేదని చెప్పు. ఉన్న గింజ పచ్చబడ్డ ఏ బిడ్డకైనా ఇవ్వు. తల్లులు అబద్ధాలాడక్కర్లేదు, ఎవరూ కిందికి దిగక్కర్లేదు."

"మారిస్తే," అన్నాడు, "ఇప్పటిదాకా పోయిన రెండో బిడ్డలందర్నీ ఎవరు చంపినట్టు?"

చేతిలో ఉన్న పుస్తకం మూశాను.

"కిందకి దించినోళ్ళని ఏ ముఖంతో పైకి పిలవను? దాచుకున్నోళ్ళకి ఏటని చెప్పను, ఆ రోజు అడిగుంటే గింజ ఉందనా?" చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "నాకూ అలా రెండోవాడు ఒకడు ఉండేవాడు బావా. మా ఆవిడ జారిపడ్డాడంది. నేను నమ్మాను. నమ్మానో, నమ్మినట్టు నటించానో, అదే నాకు గుర్తు లేదు."

గాలి మారింది. ఇద్దరం గోనె కప్పుకున్నాం.

"అయితే ఒక పేరు కావాలి," అన్నాను.

"తాతీలు పేరు అయిపోయింది."

"మంచివాళ్ళవి వద్దు. పెళ్ళాం పిల్లలు బతికున్నవాళ్ళవి వద్దు."

"మరెవరున్నారు బావా?"

మెట్ట మీద చచ్చిపోయిన మగవాళ్ళని ఒక్కొక్కణ్ణే తలుచుకుంటూ కూర్చున్నాం, ఇద్దరం ముసలాళ్ళం. తాగుబోతు ఒకడు దొరికాడు. వల దొంగ ఒకడు. ఊళ్ళో ఆల్చిప్ప కట్టిన గుమ్మాలు ఆ రెండు పేర్లకంటే చాలా ఎక్కువ. చీకటి పడేసరికి మంచివాళ్ళ దగ్గరికి వచ్చాం.